ఒకే ఆయమ్మ, రెండు ఇళ్లు: రెండో కుటుంబాన్ని ఎక్కడ వెతకాలి, ఏమేం ముందే మాట్లాడుకోవాలి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు హైదరాబాదు నల్లగండ్లలో ఒక పెద్ద అపార్ట్‌మెంటు సముదాయంలో ఉంటున్నారు. మీ పాపకు 14 నెలలు. ఏడు నెలలుగా ఒక ఆయమ్మ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు పాపను చూసుకుంటున్నారు. వచ్చే నెల నుంచి మీకు మధ్యాహ్నం ఇంటి నుంచే పనిచేసే వీలు వస్తోంది, మీ అత్తగారు కూడా వచ్చి ఉంటున్నారు కాబట్టి ఆయమ్మ అవసరం ఉదయం 9 నుంచి ఒంటిగంట దాకా, నాలుగు గంటలే. సగం జీతంతో ఆవిడకు ఇల్లు గడవదు, పూర్తి జీతం ఇవ్వడం మీకు భారం. మధ్యాహ్నం పూట ఆవిడను పెట్టుకునే మరో కుటుంబాన్ని ఎలా వెతకాలి, ఏ షరతులు మాట్లాడుకోవాలి, వాళ్లు ఆవిడను పూర్తిగా తమవైపు తిప్పుకుంటే ఏం చేయాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే, మీలాంటి కుటుంబం కోసం వెతకకండి. ఏడాది పాప ఉన్న మరో ఇల్లు దొరికితే బాగుంటుందని అందరికీ మొదట అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ పసిపిల్లలున్న ఇళ్లన్నింటికీ కావలసింది ఉదయం వేళలే, లేదా రోజంతా. మీకు కావలసింది నర్సరీ నుంచి రెండో తరగతి దాకా చదువుతున్న పిల్లలు ఉండి, తల్లిదండ్రులిద్దరూ సాయంత్రం దాకా ఆఫీసులో ఉండే ఇల్లు. బడి వ్యాను ఒంటిగంటకో రెండింటికో పిల్లవాణ్ణి గేటు దగ్గర దింపిపోతే, ఆరు గంటల దాకా వాణ్ణి ఎవరు చూస్తారన్నది ఆ ఇళ్లలో తెగని సమస్య. నాలుగు గంటల పనికి నమ్మకమైన మనిషి రావడం కష్టం కాబట్టి, మీకు వాళ్లు ఎంత అవసరమో వాళ్లకూ మీరు అంతే అవసరం. అలాంటి ఇల్లు మీ గేటు లోపలే, లేదా పది నిమిషాల నడక దూరంలోనే ఉండాలి. ఆటో ఎక్కవలసిన దూరమైతే మాట్లాడుకోకపోవడమే మేలు.

నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరి విషయంలోనూ ఈ ఏర్పాటు చేసుకున్నాను. మొదటిసారి రెండు నెలలకే చెడింది, రెండోసారి దాదాపు రెండేళ్లు నిలిచింది. మా కాలనీలో మరో నాలుగైదు కుటుంబాలకు ఈ విషయంలో మాట సాయం చేశాను. కింద చెప్పేవన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే.

మొదటిసారి, అంటే 2014లో మేము కూకట్‌పల్లి వైపు ఉన్నప్పుడు, మా బాబుకు ఏడాది నిండింది. నా సహోద్యోగి ఒకామె పాప మావాడికంటే ఆరు నెలలు చిన్నది. ఇద్దరినీ ఒకే ఆయమ్మ దగ్గర, ఒక వారం మా ఇంట్లో, ఒక వారం వాళ్లింట్లో ఉంచుదామనుకున్నాం. లెక్క కాగితం మీద ముచ్చటగా ఉంది. ఆరు నెలల పాప పగలు మూడుసార్లు నిద్రపోతుంది, ఏడాది దాటినవాడు ఒకటి రెండుసార్లు పడుకుంటాడు, అదీ వేరే వేళల్లో. పాప కళ్లు మూసే సమయానికి మావాడు గిన్నెలు మోగించేవాడు, వాడు పడుకునే సమయానికి పాప లేచి పాల కోసం ఏడ్చేది. ఆయమ్మకు మధ్యాహ్నం కూర్చుని అన్నం తినే పది నిమిషాలు కూడా మిగల్లేదు. నెలన్నర తర్వాత ఆవిడే వచ్చి, జీతం తగ్గినా ఫరవాలేదు, ఒక్కరినే చూస్తానని చెప్పింది. మేము తల్లులిద్దరం స్నేహితులం కాబట్టి అంతా సర్దుకుపోతుందని అనుకున్నాం గాని, మా స్నేహానికీ పిల్లల నిద్ర వేళలకూ సంబంధం లేదని ఆలోచించలేదు. అందుకే ఇద్దరు పసిపిల్లలను ఒకేచోట ఉంచే పద్ధతిని నేను ఎవరికీ తేలిగ్గా చెప్పను. ఇద్దరూ ఏడాదిన్నర దాటి, పగటి నిద్ర ఒక్కపూటకు వచ్చాక, వయసులో తేడా తక్కువగా ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు. మీ విషయంలో వేళలను విడగొట్టుకోవడమే సరైన దారి.

ఎవరినీ అడగకముందు ఆయమ్మను అడగండి. ఏడు నెలలు మీ ఇంట్లో పనిచేసిన మనిషికి రెండో ఇల్లంటే రెండో యజమానురాలు, రెండో వంటిల్లు, రెండో రకం చాదస్తం. ఆవిడకు తెలియకుండా మీరు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సందేశం పెడితే, ఆ మాట లిఫ్టులోనో గేటు దగ్గరో మరో పనామె ద్వారా ఆవిడ చెవిన పడుతుంది, తనను వదిలించుకుంటున్నారని అనుకుంటుంది. కూర్చోబెట్టి, వచ్చే నెల నుంచి మీ అవసరం ఎందుకు తగ్గుతోందో, ఆవిడ ఆదాయం తగ్గకూడదని మీరు ఎలా అనుకుంటున్నారో చెప్పండి. తర్వాత ఆవిడ చెప్పేది వినండి. సాయంత్రం ఎన్నింటికల్లా ఇంటికి చేరాలి, సొంత పిల్లల బడి వేళలేమిటి, ఏ పని చేయనంటుంది, మగపిల్లల వెంట పరుగెత్తే ఓపిక ఉందా అన్నవి తెలుసుకోండి. అంట్లు తోమడం, ఇల్లు ఊడ్వడం తన పని కాదని ఆవిడ అనుకుంటే, రెండో ఇంటికి మీరే ఆ మాట ముందుగా చెప్పాలి.

ఆయమ్మను అడగడంలో మరో లాభం ఉంది. సాయంత్రం ఐదింటికి పార్కులో జారుడుబల్ల పక్క బెంచీల మీద కూర్చునే ఆయమ్మలకు తెలిసిన సంగతులు అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శికి కూడా తెలియవు. ఏ ఇంట్లో పనిమనిషి మానేస్తోంది, ఎవరి అమ్మమ్మ ఊరికి వెళ్తోంది, ఏ ఇంట్లో జీతం ఆలస్యంగా ఇస్తారు అన్నవన్నీ అక్కడ తేలుతాయి. 2018లో మా పాపకు ఎనిమిది నెలలప్పుడు నాకు రెండో ఇల్లు దొరికింది అలాగే. మా ఆయమ్మే ఒకరోజు వచ్చి, "బీ బ్లాకుల ఆరో అంతస్తోళ్ల బాబును వ్యాను కాడికెళ్లి తెచ్చుకునేటోళ్లు లేరంటమ్మా, వాళ్ల అమ్మమ్మ పండక్కి పోతే మళ్ల రాదంట" అని చెప్పింది. బాబు యూకేజీ, వ్యాను ఒంటిగంటకు వస్తుంది, తల్లిదండ్రులిద్దరూ గచ్చిబౌలిలో ఆఫీసుకు వెళ్తారు. మూడు వారాలు నేను వాట్సాప్‌లో వెతికిన ఇల్లు మా పక్క బ్లాకులోనే ఉంది.

ఆవిడకు తెలిసిన ఇల్లేదీ లేకపోతే, చిన్నపిల్లల బడి వ్యాన్లు ఆగేచోట రెండు మూడు రోజులు నిలబడండి. ఎవరి పిల్లలను తాతయ్యలు కష్టపడి తీసుకెళ్తున్నారు, ఏ తల్లి ఆఫీసు ఐడీ కార్డు మెడలోనే వేసుకుని పరుగెత్తుకొస్తోంది అన్నది కంటికే తెలుస్తుంది. దగ్గరలోని ప్లేస్కూలు నడిపేవారిని కూడా అడగవచ్చు. వెతికే కాలం కూడా ముఖ్యమే. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలై, పిల్లలు పన్నెండున్నరకే ఇంటికి వచ్చేస్తారు. కొన్ని బడులు ఏప్రిల్‌లోనూ, తక్కినవి జూన్‌లోనూ కొత్త తరగతులు మొదలుపెడతాయి. ఆ రెండు సమయాల్లోనూ మధ్యాహ్నం మనిషి కోసం వెతికే ఇళ్లు ఎక్కువగా ఉంటాయి.

గ్రూపులో సందేశం పెట్టడం చివరి మార్గం. పెట్టవలసివస్తే ఆవిడ పేరు, ఫోన్ నంబరు, ఫొటో పెట్టకండి. ఒక్క సందేశంతో ఆవిడకు పాతిక ఫోన్లు వస్తాయి, అందులో సగం పూర్తి రోజు పనికి పిలిచేవే. నేను ఒకరికి రాసిచ్చిన సందేశం ఇలా ఉంది: "మా ఇంట్లో నమ్మకంగా పనిచేస్తున్న ఆయమ్మకు వచ్చే నెల నుంచి మధ్యాహ్నం 1:30 నుంచి 5:30 వరకు ఖాళీ ఉంది. మూడేళ్లు నిండిన, బడికి వెళ్లే ఒక్క పిల్ల లేదా పిల్లవాణ్ణి చూసుకోగలరు. వంట, ఇంటి పని చేయరు. ఉదయం వేళ మా ఇంట్లోనే కొనసాగుతారు. మన సముదాయంలోనివారే నాకు విడిగా రాయగలరు." ఇందులో ఉదయం వేళ గురించిన వాక్యం అన్నింటికంటే ముఖ్యం. ఆరు నెలల ప్రసూతి సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్లబోతున్న తల్లులు రోజంతా ఉండే మనిషి కోసం వెతుకుతుంటారు. వాళ్ల అవసరం న్యాయమైనదే, కానీ వాళ్లు మీకు భాగస్వాములు కాలేరు. ఈ వాక్యం చూసి వాళ్లే ఆగిపోతారు.

ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే ఎవరిని ఎంచుకోవాలన్నది తర్వాతి మాట. నేను పిల్లవాడి స్వభావం కంటే తల్లిదండ్రులు ఇంటికి చేరే సమయాన్ని ఎక్కువగా చూస్తాను. ఐదున్నరకు వస్తామని చెప్పి రోజూ ఆరున్నరకు వచ్చేవాళ్లయితే, ఆవిడ అలసట మరునాడు ఉదయం మీ పాప దగ్గర బయటపడుతుంది. వాళ్లింట్లో ఇప్పుడున్న పనామె ఎన్నాళ్లుగా ఉందో కూడా అడగండి. ఏడాదిలో నలుగురు మారిన ఇల్లయితే అక్కడ ఏదో ఉంది. అలాగే మీ ఆయమ్మ గురించి వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా ఆయమ్మకు మధ్యాహ్నం సీరియల్ చూసే అలవాటు ఉందనీ, పిల్లలు మారాం చేస్తే బిస్కెట్టు చేతిలో పెడుతుందనీ నేను ముందే చెప్పాను. ఆ మాట చెప్పినందుకే నమ్మకం కుదిరిందని ఆ తల్లి తర్వాత అన్నది. ఆధార్ నకలు, ఇంటి చిరునామా, ఇంట్లో మరొకరి నంబరు రెండు ఇళ్లూ విడివిడిగా తీసుకుని ఉంచుకోవాలి. పోలీసు స్టేషన్‌లో వివరాలు నమోదు చేయించే పని ఎవరో ఒకరు చేసి రెండోవారికి చెబితే సరిపోతుంది. ఆవిడకు గేటు యాప్‌లో రెండు ఫ్లాట్ల పేరా ప్రవేశం నమోదు చేయించండి, లేకపోతే మీరు ఊళ్లో లేని రోజున కాపలావాళ్లు ఆవిడను ఆపేస్తారు.

జీతం విషయంలో గంటల లెక్క వేయకండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఉదాహరణకు, మీ ప్రాంతంలో రోజంతా ఉంటే ఆవిడకు 16,000 వస్తోందనుకుందాం. రెండు ఇళ్లూ చెరి 8,000 ఇస్తే ఆవిడకు రెట్టింపు తలనొప్పి, అదే జీతం. ఒక నెల చేసి మానేస్తుంది. మేము చేసిన లెక్క ప్రకారమైతే చెరి 10,000 ఇవ్వాలి. అప్పుడు ఆవిడకు 20,000 వస్తుంది, అంటే 4,000 ఎక్కువ. మీకు 6,000 మిగులుతుంది, వాళ్లకు నాలుగు గంటల పనికి మంచి మనిషి దొరుకుతుంది. జీతాలు రెండు ఇళ్లూ విడివిడిగా, ఒకే తారీఖున, నేరుగా ఆవిడ బ్యాంకు ఖాతాలో వేయాలి. ఒకరు మొత్తం ఇచ్చి రెండోవారి దగ్గర వసూలు చేసుకునే పద్ధతి వద్దు. దానివల్ల ఆవిడకు ఒకరు యజమాని, ఒకరు అతిథి అవుతారు, ఆలస్యమైనప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేస్తారు. పనిలోపనిగా ఆవిడ ఖాతా ఉన్న బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా), 50 ఏళ్ల లోపువారైతే జీవనజ్యోతి బీమా (జీవిత బీమా) కూడా చేయించండి. ఏడాదికి మొదటిది 20 రూపాయలు, రెండోది 436 రూపాయలు. చెరి సగం వేసుకుంటే అది ఒక పూట టిఫిన్ ఖర్చు.

రెండు ఇళ్ల మధ్య ఉండే ఖాళీ సమయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఇంట్లో పని పన్నెండున్నరకు ముగిసేది, బాబు వ్యాను ఒంటిగంటకు వచ్చేది. ఆ అరగంట ఆవిడ ఏం చేస్తోందని నేనుగాని, ఆ ఇంటివాళ్లుగాని ఎప్పుడూ అనుకోలేదు. ఒకరోజు లిఫ్టు పాడై మెట్లెక్కి వస్తుంటే, రెండో అంతస్తు మలుపులో, నీళ్ల పైపుల పక్కన ఆవిడ కూర్చుని కనబడింది. ఒళ్లో స్టీలు డబ్బా, అందులో చల్లబడిన అన్నం, టమాటా పప్పు, మూతలో ఒక మిరపకాయ. నన్ను చూడగానే మూత పెట్టేసి లేచి నిలబడింది. ఐదు నెలలుగా రోజూ అక్కడే తింటోందట. మా ఇంట్లో సమయం అయిపోయింది, వాళ్ల ఇంటి తాళం ఆవిడ దగ్గర లేదు, ఇంకెక్కడ తింటుంది? మరునాటి నుంచి ఒంటిగంట దాకా మా వంటింట్లోనే బల్ల మీద కూర్చుని తినేది, అన్నం వేడిచేసుకునేది. ఆ అరగంటలో పని చెప్పకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. కాబట్టి మీ సమయానికీ వాళ్ల సమయానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో, ఆ వ్యవధిలో ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో, ఎక్కడ తింటుందో ముందే తేల్చండి. దాన్ని జీతంలో భాగంగానే లెక్కించాలి.

సెలవుల సంగతి మాట్లాడుకోకపోతే మొదటి పండగకే గొడవ వస్తుంది. నెలకు రెండు రోజుల సెలవు అనుకుంటే అవి రెండు ఇళ్లకూ ఒకే రోజున వర్తించాలి. మీకు ఒకరోజు, వాళ్లకు ఒకరోజు సెలవు పెడితే ఆవిడకు సెలవు అన్నదే ఉండదు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవారైతే బతుకమ్మ, దసరాకు, కోస్తా నుంచి వచ్చినవారైతే సంక్రాంతికి ఊరు వెళ్తారు. ఆ రోజులు ఏవో ఏడాది మొదట్లోనే అడిగి రాసుకోండి. పండగ కానుక రెండు ఇళ్లూ ఒకే మొత్తం ఇవ్వాలి, చీర విడిగా పెట్టాలనుకుంటే అది మీ ఇష్టం. వేసవిలో వాళ్లు పిల్లవాణ్ణి అమ్మమ్మగారింటికి పంపినా ఆ నెల జీతం ఇవ్వాలన్నది ముందే ఒప్పుకోవాలి. ఈ ఒక్క షరతు దగ్గర వెనక్కి తగ్గే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలా తగ్గితే, ఏప్రిల్ నెలాఖరులో కంటే ఇప్పుడే తెలియడం మంచిది.

జబ్బుల విషయంలో మీకు భయం ఉందని రాశారు, అది సహజమే. వానాకాలంలో చిన్నపిల్లల బడుల్లో నోటిలో, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చే జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. బడికి వెళ్లే బాబు ఉన్న ఇంట్లో అది తప్పదు, మాకు కూడా ఒకసారి వచ్చింది. దీనికి మీ వేళలే కొంత రక్ష. ఆవిడ ఉదయం స్నానం చేసి, ఉతికిన బట్టలతో ముందు మీ పాప దగ్గరికి వస్తుంది, బడి పిల్లవాడి దగ్గరికి ఆ తర్వాత వెళ్తుంది. దీనికి తారుమారుగా వేళలు మాట్లాడుకోకండి. వాళ్లింట్లో జ్వరమో పొక్కులో ఉంటే ఆ రోజు ఉదయమే మీకు చెప్పాలి, ఆవిడ వెళ్లాలా మానాలా అన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి, మానితే జీతం కోయకూడదు. ఆవిడకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించడం రెండు ఇళ్ల బాధ్యత, ఖర్చుతో సహా.

ఇవన్నీ రెండు పేజీల ఒప్పందంగా రాయనవసరం లేదు. ఒక నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద వేళలు, జీతం, సెలవులు, ఆలస్యమైతే గంటకు ఎంత, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి తెలుగులో రాసి, ఆవిడకు చదివి వినిపించి, ఫొటో తీసి ముగ్గురూ ఉంచుకుంటే చాలు. మొదటి రెండు వారాలు పరీక్షగా పెట్టుకోండి. ఆ రెండు వారాల తర్వాత ఆవిడను ఒంటరిగా అడగండి. వాళ్ల ముందు అడిగితే "బాగనే ఉందమ్మా" తప్ప మరో జవాబు రాదు.

మేము రాసుకోని సంగతి ఒకటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆవిడ రాలేకపోయింది, పని లేనప్పుడు జీతం ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆ ఇంటివాళ్లు ఏప్రిల్‌కు సగం ఇచ్చి ఆపారు, మేము మే దాకా ఇచ్చాం. తప్పు పట్టడానికి మా దగ్గర ఒప్పుకున్న మాట ఏదీ లేదు. ఆ ఏర్పాటు అక్కడితో ఆగిపోయింది. మీరు ఆ ఒక్క వాక్యం కూడా రాసుకోండి.

ఇక ఆవిడను వాళ్లు పూర్తిగా తీసుకుపోతే ఏం చేయాలన్న మీ చివరి ప్రశ్న. ఆ కుటుంబంతో మొదటి రోజే ముఖాముఖి మాట్లాడండి. "మీకు ఎప్పుడైనా రోజంతా కావాలనిపిస్తే ముందు నాకు చెప్పండి, ఆవిడకు కాదు" అని నేను నేరుగా అన్నాను, వాళ్లూ అదే మాట నా దగ్గర తీసుకున్నారు. వాళ్లకు రెండో బిడ్డ పుట్టబోతున్నా, మీకు మళ్లీ పూర్తి రోజు అవసరం వచ్చినా నెల రోజుల ముందు చెప్పాలన్నది రెండు వైపులా వర్తించాలి. అంత చేసినా, వాళ్లు ఎక్కువ జీతం ఇస్తామంటే ఆవిడ వెళ్లవచ్చు, దాన్ని ఆపే హక్కు మీకు లేదు. నా అనుభవంలో మాత్రం ఆయమ్మలు జీతం కోసం ఇల్లు మారడం కంటే, చెప్పిన సమయానికి పంపని ఇంటి నుంచి, తారీఖు దాటి జీతమిచ్చే ఇంటి నుంచి వెళ్లిపోవడమే ఎక్కువగా చూశాను. మీరు ఒంటిగంటకు పంపుతానన్నారు కదా, పాప నిద్ర లేవకపోయినా, మీ మీటింగు ముగియకపోయినా, ఒంటిగంటకు ఆవిడను పంపేయండి.